మహేంద్రగిరి ముత్యం – చిప్పరాళ్ల మెరుగు చరిత్ర



నవరత్నాలని మనం తొమ్మిదింటిని కలిపి చెప్పుకొంటాము గాని, వాటిలో రెండు అసలు రాళ్లే కావు. ముత్యము ఆల్చిప్ప కడుపులో పుట్టినది. పగడము సముద్రగర్భంలో చిన్న జీవులు కట్టుకొన్న గూడు. మిగిలిన ఏడూ భూమిలోంచి వచ్చినవి, సానకు నిలిచేవి. ఈ రెండూ నీటిలోంచి వచ్చినవి, నిప్పును గాని పులుపును గాని సహింపనివి. వీటితో పాటు శంఖమునూ ముత్యపుచిప్ప పలుకులనూ గవ్వనూ కలుపుకొంటే చేతిపని నగలలో ఒక ప్రత్యేక కులమే ఏర్పడుతుంది. మా ఉద్దానంలో పాతకాలపు ఆడవారు వీటన్నిటినీ కలిపి 'చిప్పరాళ్లు' అనడం నేను విన్నాను. నిఘంటువులలో ఆ మాట కోసం వెదకకండి. నాకది నచ్చింది కనుక ఈ టపాలో వాడుకొంటున్నాను.

ఈ చిప్పరాళ్లు దెబ్బతింటే ఏమి చేసేవారు, మెరుగు పోతే ఎలా తెప్పించేవారు అన్నది విషయం. అయితే దానికి ముందు ఒక చిన్న తగవు తీర్చుకోవలసి ఉన్నది. అది మా ఊరి గౌరవానికి సంబంధించిన తగవు.

కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ అధికరణంలో, కోశంలో చేర్చవలసిన రత్నాలను పరీక్షించే అధ్యాయం ఒకటి ఉన్నది. అక్కడ ముత్యాలు దొరికే చోట్ల పేర్లు పదింటిని వరుసగా చెప్పినాడు. తామ్రపర్ణికము, పాండ్యకవాటకము, పాశిక్యము, కౌలేయము, చౌర్ణేయము, ఆ తరువాత మాహేంద్రము. ఈ ఆరవ పేరు చూడగానే పలాస, మందస ప్రాంతాల వారికి గుండె ఉప్పొంగుతుంది. ఎందుకనగా మా ఊళ్లలో ఇంటి ముంగిట నిలుచుంటే మబ్బుల నడుమ కనిపించే కొండ మహేంద్రగిరియే. 1,501 మీటర్ల ఎత్తు. దాని మీద పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ ఉన్నది, ఏరు ఉన్నది, సముద్రమున్నది. ఇక ముత్యం మాది కాదనేదెవరు? పైగా 1915లో అర్థశాస్త్రాన్ని ఆంగ్లంలోకి దించిన శ్యామశాస్త్రిగారు కూడా మాహేంద్రమంటే మహేంద్రపర్వత సమీపంలో లభించేదని వివరించి ఊరుకొన్నారు. ఏ మహేంద్రమో చెప్పలేదు.

ఆ 'ఏ' అన్నదే తగవు. మన దేశంలో మహేంద్రగిరులు రెండు. ఒకటి మాది. కళింగరాజులది, పరశురాముడు తపస్సు చేసినాడని చెప్పుకొనేది, గోకర్ణేశ్వరుని పేర గాంగరాజులు తమ శాసనాలలో మ్రొక్కినది. రెండవది తిరునెల్వేలి సీమలోనిది, నేడు ఇస్రోవారు రాకెట్టు ఇంజనులను పరీక్షించే చోటు. వాల్మీకి రామాయణంలో హనుమంతుడు లంకకు ఎగిరిన మహేంద్రము పాండ్యదేశపు సముద్రతీరానిదే గాని మాది కాజాలదు. ఆ దక్షిణ మహేంద్రానికి కూతవేటు దూరంలో మన్నారు సింధుశాఖ, అనగా లోకప్రసిద్ధమైన ముత్యపుచిప్పల తావు ఉన్నది.

మా పక్షాన వాదించేవారు తామ్రపర్ణి, పాండ్యకవాటము అని దక్షిణదేశం పేర్లు ముందే వచ్చేశాయి గదా, మరల అక్కడి కొండనే చెప్పడమెందుకు అంటారు. వాదన బాగానే ఉన్నది. కాని నాకు మూడు విషయాలు అడ్డు తగులుతున్నాయి. ఒకటి, అదే అధ్యాయంలో మేలైన నూలుబట్టలు ఎక్కడెక్కడివో చెప్పేటప్పుడు కౌటిల్యుడు 'కాళింగకము' అని దేశం పేరుతోనే చెప్పినాడు. (ఆ కీర్తి మాత్రం నిజంగా మాదే. పొందూరులో నేటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి నూలు వడుకుతున్నారు.) రెండు, ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ముత్యాలు పుట్టే ఎనిమిది సీమలను చెప్పినాడు. గరుడపురాణమూ ఇంచుమించు అదే జాబితా ఇచ్చింది. రెంటిలోనూ మహేంద్రం లేదు, కళింగమూ లేదు. మూడవది అన్నిటికంటె బరువైనది. భువనేశ్వరం దగ్గర ఉదయగిరి కొండ మీద హాథిగుంఫా శాసనంలో కళింగాధిపతి ఖారవేలుడు పాండ్యరాజు నుండి ముత్యాలు, మణులు, రత్నాలు తెప్పించుకొన్నట్లు గొప్పగా చెప్పుకొన్నాడు. పెరట్లో ముత్యాలు పండేవాడు పొరుగువాని ముత్యాలు వచ్చినవని రాతి మీద చెక్కించుకొంటాడా?

తూర్పుతీరంలో ముత్యాలు బొత్తిగా లేవని కాదు. కాకినాడ అఖాతంలో అద్దంలా పలుచగా, చదునుగా, గుండ్రంగా ఉండే ఒక జాతి చిప్ప సమృద్ధిగా దొరికేది. గోవా ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు వాడినది ఈ జాతి చిప్పనే. దాని కడుపులోనూ చిన్నచిన్న ముత్యాలు పుడతాయి. అవి మెరుపు తక్కువవి, నగకు పనికిరావు, భస్మం చేసి మందులలో వాడతారు. కౌటిల్యుడు శంఖము, శుక్తి తరువాత మూడవ ఉత్పత్తిస్థానంగా చెప్పిన 'ప్రకీర్ణకము'లో ఇటువంటివి చేరితే చేరవచ్చు. అంతకు మించి మాహేంద్రమౌక్తికాన్ని మా ఖాతాలో వేసుకోవడానికి నా మనసు ఒప్పదు. ఊరివాళ్లు నొచ్చుకొంటే నొచ్చుకోనిండు.

మరి మా తీరంలోని చిప్పలు ఏమైనవి? ఎక్కువభాగం సున్నమైనవి. సముద్రం ఒడ్డున ఏరిన గుల్లలను బట్టీలలో కాల్చి గుల్లసున్నం చేసేవారు. పాత మేడల గచ్చుకూ తాంబూలానికీ అదే ఆధారం. సిమెంటు వచ్చి ఆ బట్టీలను చల్లార్చింది.

గవ్వ సంగతి వేరు. ఓఢ్రదేశంలో 19వ శతాబ్దారంభం వరకూ గవ్వ నాణెంగా చెల్లింది. మాల్దీవుల నుండి ఓడలలో వచ్చేది. కంపెనీవారు శిస్తు వెండి రూపాయలలోనే కట్టాలనడం 1817లో ఖుర్దా పాయికుల తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. ఆ ప్రాంతానికి ఆనుకొని ఉన్న గంజాం జిల్లాలో అంతర్భాగాలుగా మా టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం 1936 వరకూ ఉండేవి. 'చిల్లిగవ్వ లేదు' అన్నప్పుడల్లా ఆ ఆర్థికవ్యవస్థనే మనం తలచుకొంటున్నాము. ఇందులో ఒక చమత్కారమున్నది చూడండి. గవ్వకు చిల్లి పడితే విలువ పోతుంది. ముత్యానికి చిల్లి పడితేగాని హారంలోకి రాదు. అయితే ఆ చిల్లి సరిగా పడాలి. కౌటిల్యుడు మంచి ముత్యపు గుణాలలో 'దేశవిద్ధము'ను, అనగా తగినచోట బెజ్జం పడినదానిని చేర్చినాడు. పనికిమాలిన ముత్యాల పట్టికలో 'దుర్విద్ధము'ను, అనగా బెజ్జం చెడినదానిని చేర్చినాడు. ఆ పట్టికలోనే గరుకుదీ, మచ్చలదీ, నల్లబడినదీ, కోత పడినదీ, పైన పొర తొడుగుకొన్నదీ ఉన్నాయి. ఇప్పటి నగల దుకాణంవాడు ముత్యాన్ని పక్కన పెట్టడానికి చెప్పే కారణాలన్నీ అప్పుడే వ్రాసి ఉన్నాయన్నమాట.

ఇక మెరుగు.

ముత్యపు మెరుపును అర్థం చేసుకోవాలంటే దాని నిర్మాణం తెలియాలి. సున్నపురాయికి మూలమైన పదార్థమే దీనికీ మూలం. అయితే ఆ సున్నం వెంట్రుకలో వందో వంతు మందం గూడా లేని పలకలుగా ఏర్పడి, ఒకదాని మీద ఒకటి ఇటుకలలాగ పేర్చుకొని ఉంటుంది. ఇటుకల నడుమ అడుసులాగ ఒక మాంసకృత్తు. వెలుతురు ఈ పొరలలోనికి కొంత పోయి, వేర్వేరు లోతుల నుండి తిరిగివచ్చి కలవడం వలన లోపల ఏదో కదలాడుతున్నట్లు కనిపిస్తుంది. మన లాక్షణికులు లావణ్యాన్ని నిర్వచించడానికి వెదకివెదకి పట్టుకొన్న ఉపమానం ముత్యం లోపలి ఈ తరళచ్ఛాయయే. లావణ్యమన్న మాటకు మూలం లవణం, అనగా ఉప్పు. నౌపడ ఉప్పుమడుల గట్టు మీద నిలబడి, ఎండకు తళతళలాడే గల్లును చూసినవారికి ఆ వ్యుత్పత్తిని విడమరచి చెప్పనక్కరలేదు.

నిర్మాణం ఇటువంటిది కనుక దానికి వచ్చే తెగుళ్లూ ఇటువంటివే. మొదటిది గీత. రత్నాల కాఠిన్యాన్ని కొలిచే మోజు కొలబద్దలో వజ్రానికి 10, కురువిందానికి 9, ఇసుకరేణువుకు 7. ముత్యమూ పగడమూ సుమారు మూడున్నర. అనగా సముద్రపుగాలిలో ఎగిరివచ్చే ఇసుక కూడా వీటికి శత్రువే. రెండవది పులుపు. చెమటలోని పులుపు, చింతపండు, నిమ్మరసం, ఏదైనా సరే సున్నాన్ని కరగిస్తుంది. మన ఇళ్లలో నగలు తోమడానికి చింతపండు వాడడం ఉన్నది. బంగారానికి అది దివ్యౌషధం, పక్కనున్న ముత్యానికి విషం. మూడవది ఎండిపోవడం. అడుసువంటి ఆ మాంసకృత్తు ఏళ్ల తరబడి వేడిగాలికి ఎండితే పొరలు పగుళ్లిస్తాయి. ఇనప్పెట్టెలో దాచిన ముత్యం కంటె ఒంటి మీది ముత్యం బాగుంటుందని పెద్దలు అనడంలో కొంత సత్యమున్నది. అయితే చెమట తుడవకుండా పెట్టెలో పెడితే ఆ లాభమూ పోతుంది.

ఇప్పుడు గరుడపురాణం 69వ అధ్యాయం చూడండి. ముత్యాలను అన్నం వండే కుండలో వేసి, జంబీరరసం, అనగా నిమ్మజాతి పండురసం చేర్చి ఉడికించి, మెత్తగా చేసిన వేళ్లతో రుద్ది, తరువాత బెజ్జం వేయమన్నది. ఆపైన మట్టి మెత్తిన పుటంలో కాచి, పాలలో ఉడికించి, చివరకు శుభ్రమైన బట్టతో ఒరయమన్నది. పులుపు విషమని ఇప్పుడే గదా చెప్పినావు, పురాణం దానినే మందు అంటున్నదేమి అని మీరడగవచ్చు. రెండూ నిజమే. ముత్యం ఉల్లిపాయలాగ పొరలు పొరలుగా ఉంటుంది. పై పొర గీతలు పడి మసకబారితే, పులుపుతో దానిని సన్నగా కరగించి, ఒరసి తీసివేస్తే లోపలి పొర కొత్తగా బయటపడుతుంది. పారశీక సింధుశాఖ తీరాలలోనూ ఐరోపాలోనూ ముత్యాన్ని కత్తితో పొర ఒలిచే నిపుణులు ఉండేవారు. అక్కడ కత్తి చేసిన పనిని ఇక్కడ నిమ్మరసం చేసింది. ఎప్పుడు ఆపాలో తెలిసినవాని చేతిలో అది వైద్యం. తెలియనివాడు క్లియోపాత్రా విందు చేసినట్లే. ఆమె ముత్యాన్ని పులిసిన ద్రవంలో కరగించి త్రాగిందని రోమనుడు ప్లినీ వ్రాసినాడు.

అదే పురాణం కల్తీ ముత్యాన్ని కనిపెట్టే ఉపాయమూ చెప్పింది. ఉప్పూ నూనే కలిపిన వేడినీటిలో ఒక రాత్రి ఉంచి, పొడిబట్టలో చుట్టి వడ్లతో రుద్దాలి. వన్నె మారకపోతే నిజమైనది. ప్రయోగశాల లేని కాలంలో వంటింటి సామగ్రితోనే చేసిన పరీక్ష ఇది.

మెరుగు పనిలో అసలు చిక్కు వస్తువుకంటె మనుషులకు సంబంధించినది. మరల కౌటిల్యుని దగ్గరకే వెళ్లాలి. పాతనగలను బాగుచేయడానికి ఇచ్చినప్పుడు బంగారం ఎలా తరుగుతుందో చెబుతూ నాలుగు ఉపాయాలను పేర్కొన్నాడు. కొట్టడం, కోయడం, గీకడం, రుద్దడం. నాలుగవదైన 'పరిమర్దనము' చూడండి. హరిదళమో మణిశిలో ఇంగిలీకమో, లేదా కురువిందచూర్ణమో బట్టకు పట్టించి నగను రుద్దుతారు. నగ మెరుస్తుంది, ఆకారం చెడదు, కాని బంగారం బట్టకు అంటుకొని పోతుంది. మెరుగు పెట్టడమూ దొంగిలించడమూ ఒకే చేతికదలికలో జరిగిపోతాయి. స్వర్ణకారుల మీద మన భాషలో సామెతలు చాలా ఉన్నాయి. వాటిని ఇక్కడ చెప్పను. ఎందుకంటే కౌటిల్యుడు చెప్పిన ఆ తరుగు మెరుగులో ఎలాగూ ఉంటుంది, చేసేవాడు ఎంత నిజాయితీపరుడైనా సరే. ఒరిస్తే తరుగుతుంది. దొంగ అయితే ఆ తరుగును దాచుకొంటాడు, మంచివాడు చెబుతాడు.

బంగారంలో గురిగింజ ఎత్తు పోతే మరల చేర్చవచ్చు. ముత్యంలో పోయినది మనిషి చేర్చలేడు. అందుకే నేను చూసిన పాతతరం కంసాలులు చిప్పరాళ్లను ముట్టుకోవడానికి వెనుకాడేవారు. చేతిపని నగలో రాయి వెనుక లక్క ఉంటుంది, చుట్టూ కుందనం రేకు ఉంటుంది. టంకం వేయాలంటే వెలిగారం పూసి ఊదుగొట్టంతో మంట తగిలించాలి. కెంపుకు ఫరవాలేదు. పగడం తెల్లబడిపోతుంది, ముత్యం మాడుతుంది. కనుక ముందు లక్కను వెచ్చబెట్టి రాయిని ఊడదీసి, బంగారపు పని ముగించి, మరల పొదగాలి. మా వీధి చివర కుంపటి పెట్టుకొన్న ఒక పెద్దాయన మా అమ్మగారి బులాకీ ముత్యాన్ని నా చిన్నతనంలో ఇలాగే బాగుచేశారు. ముత్యానికి ఒకవైపు పెచ్చు లేచింది. ఆయన దాన్ని ఒరయలేదు. తీగ విప్పి, ముత్యాన్ని సగం చుట్టు తిప్పి, పెచ్చు లేచిన వైపు లోపలికి పోయేటట్లు మరల ఎక్కించారు. "అమ్మా, ఇది దీని రెండో ముఖం. మూడోది లేదు. ఇంక చింతపండు తగలనీయకండి" అన్నారు. కూలి తీసుకొన్నట్లు గుర్తు లేదు, మా పెరటి కొబ్బరికాయలు రెండు తీసుకొన్నారు.

తప్పనిసరిగా ఒరయవలసి వస్తే దేనితో? కురువిందచూర్ణం చిప్పరాయికి మోటు. ప్రపంచమంతటా స్వర్ణకారులకు తెలిసిన వస్తువొకటి మా ఒడ్డుకు ఉచితంగా కొట్టుకొని వస్తుంది. ఆయుర్వేదంలో సముద్రఫేనమన్నారు. పేరుకు నురుగు గాని, నిజానికి అది పది చేతుల ఒక జలచరం వీపులోని తేలిక ఎముక. అందులోని పదార్థమూ ముత్యంలోని పదార్థమూ ఒకటే. కనుక మెత్తని పొడి చేసి తడిబట్టతో రుద్దితే గీతను నునుపు చేస్తుందే గాని కొత్తగీత వేయదు. శంఖానికి, చిప్పపలుకులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఎప్పుడైనా తడిగానే చేయాలి. చిప్పల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముత్యానికి మాత్రం ఇది కూడా ఆఖరి ఉపాయమే. గోరువెచ్చని నీట మెత్తని బట్ట తడిపి తుడిచి, నీడన ఆరబెట్టి, పాత పట్టుదారం తీసి కొత్తది గుచ్చడంతోనే సగం మెరుగు తిరిగి వస్తుంది.

శంఖుగాజుల బాగుచేతలో మరొక అందమున్నది. మా సరిహద్దు ఊళ్లలో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. వంగ, ఓఢ్ర దేశాలలో పెళ్లయిన స్త్రీకి శంఖుగాజు మంగళసూత్రంతో సమానం. ఆ శంఖాలు మన్నారు సింధుశాఖలో తీసినవి, ఢాకా వరకూ పోయి అక్కడ కోతపడి గాజులయ్యేవి. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్సు హార్నెల్ 1914లో ఆ వర్తకం మీద ఒక పుస్తకమే వ్రాసినాడు. గాజు పగులు పట్టితే కొందరు దానిపై సన్నని బంగారుపట్టీ తొడిగిస్తారు. రానురాను పగులు లేని గాజుకు కూడా ఆ తొడుగు శోభ కోసం వేయడం మొదలయింది. మరమ్మతు కాస్తా అలంకారమయింది.

పగడం గురించి ఎక్కువ చెప్పను. అది మనది కాదు, మధ్యధరా సముద్రానిది. కౌటిల్యుడు చెప్పిన 'ఆలకందకము' అలెగ్జాండ్రియా రేవు పేరేనని పండితులు చాలామంది అంటారు. రోమను స్త్రీలకు మన ముత్యాలంటే ఎంత మోజో, భారతీయులకు పగడాలంటే అంత మోజని ప్లినీ వ్రాసినాడు. ఎవరి సముద్రం వారికి చప్పన!

ఇరవయ్యవ శతాబ్దం ఈ ప్రపంచాన్ని తారుమారు చేసింది. జపానులో మికిమోటో 1893లో ఆల్చిప్పలో కృత్రిమంగా ముత్యాన్ని పెంచడంలో మొదటిసారి సఫలుడైనాడు. 1930ల నాటికి పారశీక సింధుశాఖ ముత్యాల వేట కూలిపోయింది. తూత్తుకుడిలో 1961 తరువాత చిప్పల వేట జరగలేదు. 1973లో అక్కడే మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుడు అళగర్‌స్వామి సాగుముత్యాన్ని పండించినారు. హైదరాబాదు పత్తర్‌గట్టీలో నేడు మనం కొనే ముత్యాలలో అధికభాగం చైనా మంచినీటి చెరువులవి. వాటిని ఇక్కడ హైడ్రోజన్ పెరాక్సైడులో ఉంచి, ఎండలో పెట్టి తెల్లబరుస్తారు. జంబీరరసం పోయి ఈ మందు వచ్చింది, అంతే.

కాని పాత వైద్యం కొత్త ముత్యానికి పనికిరాదని మాత్రం గట్టిగా చెప్పాలి. జపాను పద్ధతి ముత్యంలో నడుమ ఉన్నది అమెరికా నదులలోని ఒక చిప్పను గుండ్రంగా చెక్కిన పూస. దాని మీద ముత్యపు పొర చాలాసార్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అమ్మమ్మ ముత్యాన్ని ఒరసినట్లు దీన్ని ఒరిస్తే బయటపడేది రెండవ ముఖం కాదు, ఆ పూస. చెంపస్వరాల ముత్యాలకు ఇంట్లోనే 'మెరుగు' పెట్టి, తెల్లని సుద్దబంతులు చేసుకొన్నవారిని నేనెరుగుదును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస తీరాన్ని తాకింది. కొబ్బరీ జీడీ కూలిపోయాక, చెట్లు మరల కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, మా చుట్టుపక్కల చాలామంది ఇళ్లలోని పాతనగలు అంగడికి వెళ్లాయి. అక్కడ పద్ధతి అందరికీ తెలిసినదే. ముందు రాళ్లు ఊడదీస్తారు, లక్క కరిగిస్తారు, మిగిలిన బంగారాన్ని త్రాసులో పెడతారు. తరుగు తీసివేస్తారు. ఊడదీసిన చిప్పరాళ్లకు వెల ఉండదు. వాటిని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేస్తారు, లేదా అదీ ఉండదు. మా వీధిలో ఒక ముసలమ్మగారు అటువంటి పొట్లం తెచ్చి నాకు చూపినారు. పదకొండు ముత్యాలు, రెండు పగడాలు, ఆకు ఆకారంలో కోసిన చిప్పపలుకొకటి అంచు విరిగి. ముత్యాలలో కొన్ని పసుపూ నూనే పట్టి గోధుమరంగుకు తిరిగినవి. బెజ్జాలు చూస్తే చేతి బరమాతో వేసినవని తెలుస్తూనే ఉన్నది, నడుమ సన్నగా, రెండు చివరలా వెడల్పుగా. "మాస్టారూ, ఇవి ఎందుకైనా పనికొస్తాయా?" అని అడిగినారు.

వడ్ల పరీక్ష చేసి చూద్దామనిపించింది గాని చేయలేదు. గోరువెచ్చని నీటితో తుడిచి, నీడన ఆరబెట్టి, పట్టుదారంలో ముడికీ ముడికీ నడుమ ఒక్కొక్క ముత్యం గుచ్చి ఇచ్చాను. చిప్పపలుకు అంచుకు సముద్రఫేనంతో రెండు సాయంత్రాలు పని పట్టింది. బంగారం లేని ఆ దండను ఆమె మనుమరాలు ఇప్పుడు మెడలో వేసుకొని కళాశాలకు వెళుతున్నది.